అర్థము అర్ధము కారాదు

‘అర్థము’ అని వ్రాయవలసినచోట ‘అర్ధము’ అని వ్రాసిన విద్యార్థిని మందలింపని తెలుగు ఉపాధ్యాయుడు ఉండడు. మొదటిది మాటకు గల భావము, రెండవది సగము. ఈ రెంటికిని నడుమ కంటి కగపడు భేదము ‘థ’కార గర్భములోని చిన్న చుక్క ఒక్కటే. ‘కథ’ను ‘కధ’ యనియు, ‘విద్యార్థి’ని ‘విద్యార్ధి’ యనియు వ్రాయుట మన పాఠశాలలలో ఎంత సామాన్యమైన దోషమో వేరుగ చెప్పనక్కరలేదు. నోటుపుస్తకములలో ఎర్రసిరాతో ఆ చుక్కను పెట్టి పెట్టి విసిగిన అయ్యవారు ఒకసారి బడి వెలుపలికి వచ్చి, గోడమీది ప్రకటనను, దుకాణములో వ్రేలాడు గైడుల అట్టలను, నాటి దినపత్రిక శీర్షికలను పరికించినచో మరియొక సంగతి బోధపడును. అచ్చట పెక్కు అక్షరములు లావుగ ఉండును, ఇరుకుగ ఒకదాని నొకటి ఒరసికొనుచుండును, కుడివైపునకు వాలియుండును. ఆ లావులో, ఆ ఇరుకులో ‘థ’కారపు చుక్క పూడిపోయి యుండును. పిల్లవాడు బడిలో విన్నది ఒకటి, బజారులో చూచుచున్నది మరియొకటి.

తప్పు పిల్లవానిదా, అచ్చుదా అను వివాదమును పెంచుట మా అభిమతము కాదు. ఆ ఇరుకైన, లావైన, వాలిన అక్షరము ఎచ్చట పుట్టినది, ఎందులకు పుట్టినది, దానికి సహజమైన పని యేది, మన లిపిలోనికి వచ్చునప్పటికి అది ఎందుచేత చెడుచున్నది అను విషయములను విచారించుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ప్రయోజనకరమని తలచుచున్నాము. అక్షరముతో ప్రతిదినము పనిగల వారు వారే కదా!

పాశ్చాత్య ముద్రాపకులు ఈ అక్షరమును ‘కండెన్స్‌డ్ బోల్డ్ ఇటాలిక్’ అందురు. మన వాడుకలో చెప్పవలెనన్నచో ఇరుకు, బొద్దు, వాలు అను మూడు గుణములు ఒక్కచోట చేరిన అక్షరము. రోమను లిపిలో దీనికి తరచుగ ‘సెరిఫ్’ అను నాల్గవ లక్షణము కూడ తోడగును. అక్షరపు రేఖలు ముగియుచోట అడ్డముగ కనబడు చిన్న కొసలే సెరిఫులు. రోము నగరములో క్రీ.శ. 113లో నెలకొల్పిన ట్రాజను స్తంభపు పీఠముమీది శాసనాక్షరములు ఈ కొసలకు ఒజ్జబంతిగ నేటికిని గౌరవింపబడుచున్నవి.

మన తలకట్టు తెలుగు సెరిఫ్ వంటిదని యెవరికైన తోచవచ్చును. కాని అది సరికాదు. సెరిఫును తీసివేసినను ఆంగ్లాక్షరము తన ధ్వనిని కోల్పోదు. తలకట్టు అట్టిది కాదు. ‘క’ మీది తలకట్టు పోయి గుడి వచ్చినచో అది ‘కి’ అగును; పొల్లు వచ్చినచో ‘క్’ అగును. సెరిఫ్ రేఖకు ముగింపు. తలకట్టు ధ్వనికి గుర్తు. రోమను అక్షరములో అలంకారముగ తోచు చిన్న రేఖకు సమానమైన చిన్న రేఖ మన లిపిలో తరచుగ అర్థమునే మోయుచుండును. ఈ భేదమును ముందుగ గుర్తుంచుకొనవలెను.

ఇక పై మూడు గుణములును ఒక్కనాడు పుట్టినవి కావు. మూడింటికిని మూడు వేరువేరు అవసరములు కారణములు.

వాటిలో పెద్దది వాలు. ఇటలీ దేశములోని వెనిస్ నగరములో ఆల్డస్ మనూషియస్ అను పండితుడు ముద్రణాలయము నడపుచుండెను. ఆతడు 1501లో లాటిను మహాకవి వర్జిల్ కావ్యములను, చేతిలో ఇముడునంతటి చిన్న పుస్తకముగ ప్రకటించెను. ఆ పుస్తక మంతయు ఒక క్రొత్త అక్షరముతో కూర్పబడినది. దానిని చెక్కిన శిల్పి ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆనాటి విద్వాంసులును, కార్యాలయ లేఖకులును వేగముగ వ్రాయు గొలుసు వ్రాతయే దానికి మాతృక. పుట్టిన దేశమును బట్టి తరువాత దానికి ‘ఇటాలిక్’ అను పేరు నిలిచినది. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. ఆ వాలు అక్షరము ఏ మాటనో ఒత్తి చెప్పుటకు పుట్టలేదు. పుస్తకమంతయు అదియే అయినప్పుడు ఒత్తి చెప్పుట యెక్కడిది? అది చేతివ్రాతను అచ్చులోనికి తెచ్చిన ప్రయత్నము. పెద్దక్షరములు మాత్రము అప్పటికిని నిటారుగనే నిలిచియుండెను.

నిలువు అక్షరమును, వాలు అక్షరమును ఒకే పుటలో జతగ వాడుట తరువాత క్రమముగ అలవాటైనది. నిలువు అక్షరముల నడుమ వాలిన మాట వేరుగ కనబడును గనుక, గ్రంథముల పేళ్ళకు, పరభాషా పదములకు, ఓడల పేళ్ళకు, శాస్త్రీయ నామములకు దానిని వినియోగించిరి. నేటికిని జీవశాస్త్ర పాఠములలో ప్రాణుల శాస్త్రీయ నామములు వాలు అక్షరములలోనే ముద్రింపబడుచున్నవి. ఒత్తి పలుకవలసిన మాటకును అదియే గుర్తైనది. కాని ఒకే గుర్తునకు పెక్కు పనులు చెప్పినచో చిక్కులు రాక మానవు. 1560లో వెలువడిన జెనీవా బైబిలులో, మూలములో లేకున్నను ఆంగ్లవాక్యము పొసగుటకై అనువాదకులు చేర్చిన మాటలను వాలు అక్షరములలో అచ్చువేసిరి. ‘ఇది మూలములోనిది కాదు సుమా’ అని పాఠకునకు నిజాయితీతో చెప్పుట వారి ఉద్దేశము. వాలు మాటను ఒత్తి చదువుటకు అలవాటుపడినవాడు ఆ పుటను తెరచినచో, ఏ మాటకు ప్రాధాన్యము తక్కువయో దానినే బిగ్గరగ చదువును! గుర్తు పెట్టువానికిని చదువువానికిని ఒడంబడిక లేనిచో గుర్తు ఉపకారము చేయకపోగా అపకారము చేయును.

మరియొక సంగతి. నిజమైన ఇటాలిక్ అక్షరము నిలువు అక్షరమును ప్రక్కకు వంచినది కాదు. ఆంగ్లపు చిన్న ‘ఎ’ నిలువు రూపములో రెండంతస్తుల మేడవలె ఉండును. వాలు రూపములో చేతివ్రాతయందువలె ఒకే అంతస్తుగ మారును. ‘ఎఫ్’ అక్షరము తరచుగ పంక్తికి దిగువకు తోక జార్చును. అడ్డముగ ఉండు సెరిఫులు పోయి, కలము కాగితమును తాకినచోటను విడిచినచోటను కలుగు చిన్న వంపులు వచ్చును. అనగా శిల్పి ప్రతి అక్షరమును మరల గీసినాడన్నమాట. మన ప్రకటనలలో కనబడు వాలు అట్టిది కాదనుటను మున్ముందు చూతము.

రెండవ గుణము లావు. అచ్చు పుట్టిన తరువాత మూడు శతాబ్దములకు పైగా పాశ్చాత్యులు లావు అక్షరము లేకయే గ్రంథములను నడిపించుకొనిరి. ఒత్తి చెప్పవలసినచోట ఎర్రసిరా, పెద్దక్షరము, వాలు అక్షరము వారికి సరిపోయినవి. 19వ శతాబ్ది తొలిభాగములో లండను వీథులలో లాటరీ ప్రకటనలు, నాటక ప్రకటనలు పోటీపడి పెరిగినవి. నడచిపోవువాడు దూరమునుండియే చూడవలెనన్న అక్కర కలిగినది. అందులకై అక్షరములను అంతకుముందెన్నడును లేనంత లావుగ పోతపోసిరి. ఈ విధముగ బొద్దు అక్షరము గ్రంథాలయములో గాక వీథిలో పుట్టినది.

దానిని వీథినుండి గ్రంథములోనికి తెచ్చిన ఘనత ‘క్లారెండన్’ అను అక్షరమునకు చెందును. లండనులోని ఫాన్ స్ట్రీట్ పోతశాల పక్షమున రాబర్ట్ బెస్లీ 1845లో దానిని ప్రకటించెను. చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. ఆ అక్షరము లావైనదే గాని మితిమీరినది కాదు, కొంత ఇరుకైనది. సామాన్యాక్షరముల పంక్తిలో వాటి సరసనే నిలిచి, ఒక్కమాటను ఎత్తిచూపుట దాని పని. 1884లో తొలిభాగము వెలువడిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువులో ఆరోపములు క్లారెండన్ అక్షరములలోనే కనబడును. నిఘంటువును వరుసగ చదువువాడుండడు, వెదకువాడే ఉండును. వెదకువాని కంటికి దారి చూపుట బొద్దు అక్షరమునకు తగిన గౌరవప్రదమైన పని. ఇప్పుడు మన నిఘంటువులలోను అదే పద్ధతి నడచుచున్నది.

మూడవ గుణము ఇరుకు. దీనికి కారణము స్థలాభావము. 1827లో అమెరికాలో డేరియస్ వెల్స్ అనునాతడు యంత్రముతో కొయ్య అక్షరములను విరివిగ తయారుచేయు మార్గమును కనిపెట్టెను. గోడప్రకటనలకు జేనెడు ఎత్తుగల అక్షరములు చౌకగ లభించెను. కాని కాగితము వెడల్పు పరిమితము. చెప్పవలసిన మాట పొడవు. ఎత్తు తగ్గింపరాదు, వెడల్పు పెరుగరాదు. అట్లగుటచే అక్షరమే ఒదిగినది. పత్రికలకును ఇదే ఇబ్బంది. సన్నని కాలములో పొడవైన శీర్షిక పట్టవలెను.

ఈ మూడు గుణములు ఒక్క కుటుంబములో పొందికగ చేరుటకు ‘చెల్టెన్‌హామ్’ అను అక్షరకుటుంబము చక్కని ఉదాహరణము. దీనిని మొదట గీసినవాడు బర్ట్రమ్ గుడ్‌హ్యూ అను అమెరికను వాస్తుశిల్పి. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ దానికి లావు, ఇరుకు, వాలు మొదలుగాగల పెక్కు రూపములను కల్పించెను. ఒక్క తల్లి బిడ్డలవలె అవి వేరువేరుగ ఉండియు పోలికను విడువవు. 2003 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, అంతవరకు శీర్షికలలో కలగాపులగముగ వాడుచుండిన వేరువేరు అక్షరములను మాని, మాథ్యూ కార్టర్ మరల గీసిన చెల్టెన్‌హామ్ కుటుంబమును శీర్షికలకు స్వీకరించెను. అనగా నూరేండ్ల నాటి రూపములు కంప్యూటరు కాలమునందును పనికివచ్చుచున్నవి. ప్రతి రూపమును ఒక మనుష్యుడు కూర్చుండి, కంటితో పరీక్షించి గీసినందువలననే అది సాధ్యమైనది.

ఈ అక్షరపు స్వభావమును ఇప్పుడు సులభముగ చెప్పవచ్చును. వాలు దానికి కదలికను ఇచ్చును. లావు దానికి గొంతుక నిచ్చును. ఇరుకు దానిని చిన్న చోటులో ఇముడ్చును. తొందరగ చెప్పవలసిన చిన్నమాటకు అది తగినది. శీర్షికకు దిగువ ఉపశీర్షికగను, ప్రకటనలో ధరకు ముందుమాటగను, పేరాకు మొదట రెండు మూడు పదములుగను అది రాణించును. భౌతికశాస్త్రములో దానికి అంతకంటె గంభీరమైన పని కలదు. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ నియమముల ప్రకారము రాశుల సంకేతములు వాలు అక్షరములలోను, ప్రమాణముల సంకేతములు నిలువు అక్షరములలోను ఉండవలెను. వాలిన ‘ఎమ్’ ద్రవ్యరాశి. నిటారుగ నిలిచిన ‘ఎమ్’ మీటరు. వాలిన సన్నని ‘వి’ వడి. వాలిన లావైన ‘వి’ దిశతో కూడిన వేగము. నల్లబల్లమీద లావుగ వ్రాయుట కష్టము గనుక అయ్యవారు అక్షరముమీద బాణపు గుర్తు వేయుదురు. ఇట్టి చోట్ల లావును వాలును అలంకారములు కావు, అవి అర్థములు. వాటిని తారుమారు చేసినచో సూత్రమే తప్పును.

కాని ఇదే అక్షరముతో ఒక పుటయంతయు కూర్చినచో ఏమగును? చదువరి రెండు పంక్తులు దాటునప్పటికి కన్ను అలసిపోవును. అన్ని మాటలును బిగ్గరగ పలికినచో ఏ మాటయు వినబడదు. బొద్దు అక్షరమునకు బలము తన లావునుండి రాదు. ప్రక్కనున్న సన్నని అక్షరములనుండి వచ్చును. పరీక్షాపత్రములో ప్రతి పంక్తికిని గీత గీసిన విద్యార్థి అక్కరగల పంక్తిని తానే దాచివేసినవాడగును.

పాశ్చాత్య లిపిలో దీని కథ ఇది. ఇటాలిక్ లేని లిపులు ఏమి చేసినవను ప్రశ్న మనకు మరింత ముఖ్యము. జర్మనులు చిరకాలము వాడిన ఫ్రాక్టూర్ అక్షరమునకు వాలు జత లేదు. వారు ఒత్తి చెప్పవలసిన మాటలోని అక్షరములను కొంచెము ఎడముగ కూర్చెడివారు. జపాను దేశీయులు అట్టి మాటలోని అక్షరముల ప్రక్క చిన్న చుక్కలు పెట్టుదురు. అనగా ప్రతి లిపియు తన శరీరమునకు తగిన ఉపాయమును తాను వెదకికొనినది. మరి మన భాషకు?

మన భాషకు ఒక గొప్ప సౌకర్యము కలదు. ఆంగ్లములో ‘అతడు వచ్చెను’ అను వాక్యములో ‘అతడు’ అను మాటను కంఠముతో ఒత్తి పలికినచో ఇతరులు రాలేదను భావము స్ఫురించును. కాని ఆ ఊనికకు వారి వ్రాతలో గుర్తు లేదు. అందుచే వాలు అక్షరము శరణ్యమైనది. తెలుగులో ‘అతడే వచ్చెను’ అందుము. అవధారణార్థకమైన ఆ ఒక్క ఏకారము వారి వాలు అక్షరము చేయు పనిని చేయుచున్నది. ‘వచ్చినది అతడు’ అని పదక్రమమును మార్చినను అదే బలము కలుగును. ‘మాత్రము’, ‘సైతము’, ‘కూడ’ అను మాటలును, ‘మెల్లమెల్లగా’, ‘ఇప్పుడిప్పుడే’ అను ఆమ్రేడితములును మనకున్నవి. ఊనికను మన పెద్దలు వాక్యములోనే అమర్చిరి. అట్టి వాక్యమును బొద్దు చేసి, వాల్చి, గీత గీసి చెప్పుట వినువాడు దగ్గరనే ఉండగా కేకలు వేయుట వంటిది.

ఇంతయు చెప్పిన పిమ్మట, మన లిపిలో ఈ అక్షరము ఎందుచేత చెడుచున్నదను ప్రశ్నకు వచ్చుచున్నాము. కారణము యంత్రముయొక్క అతిసౌలభ్యము. కంప్యూటరులో లావునకు ఒక మీట, వాలునకు ఒక మీట కలవు. ఎన్నుకొన్న తెలుగు ఫాంటులో శిల్పి గీసిన వాలు రూపము లేనప్పుడు యంత్రము ‘లేదు’ అని చెప్పి ఊరకుండదు. ఉన్న అక్షరమునే ప్రక్కకు నెట్టి చూపును. లావు రూపము లేనిచో ఉన్న రేఖలచుట్టు మరికొంత నలుపు పూయును. శీర్షిక పట్టనిచో కూర్పరి అక్షరమును ఇరుప్రక్కల నొక్కివేయును. ఈ మూడు చేష్టలకును మన లిపి మూడు విధముల గాయపడుచున్నది.

మొదటిది నొక్కుడు. అక్షరమును యంత్రముతో అడ్డముగ కుదించినచో నిలువు రేఖలు సన్నగిల్లును, అడ్డు రేఖలు మాత్రము మునుపటి మందమునే కలిగియుండును. శిల్పి ఉద్దేశించిన మందము తారుమారగును. గుండ్రని అక్షరములు విశేషముగ గల తెలుగులో ప్రతి వలయమును కోడిగ్రుడ్డుగ మారును. రెండవది పూత. చుట్టును సమానముగ నలుపు పెరిగినచో లోపలి ఖాళీ తగ్గును. ‘థ’ లోని చుక్క, ‘ఠ’ లోని చుక్క, ‘ష’ లోని చిన్న గీత, ‘ధ’, ‘ఢ’, ‘భ’ల క్రింది ఒత్తు, ఇవి యన్నియు ఆ ఖాళీని ఆశ్రయించి బ్రదుకుచున్నవి. చుక్క కనబడనిచో ‘పాఠము’ ‘పారము’ అగును. ‘అర్థము’ ‘అర్ధము’ అగును.

మూడవది వాలు. ఇచ్చట కొంచెము లెక్క కావలెను. పై తరగతుల విద్యార్థులు దీనిని స్వయముగ చేసి చూడవచ్చును. యంత్రము అక్షరమును పాదరేఖ ఆధారముగ నెట్టును. పాదరేఖకు పైనున్నది కుడికి జరుగును. దిగువనున్నది ఎడమకు జరుగును. వాలు 12 డిగ్రీలైనచో ఆ జరుగుడు ఎత్తులో సుమారు ఐదవ వంతు. 10 మిల్లీమీటర్ల ఎత్తుగల శీర్షికలో గుడి సుమారు 2 మిల్లీమీటర్లు కుడికి పోవును. 5 మిల్లీమీటర్లు దిగువ వ్రేలాడు వత్తు సుమారు 1 మిల్లీమీటరు ఎడమకు పోవును. తన అక్షరమును విడిచి వత్తు ముందరి అక్షరపు క్రిందికి చేరబోవును. అసలే ఇరుకుగ కూర్చిన పంక్తిలో అది ఎవరి వత్తో తెలియుట కష్టము. రోమను లిపిలో పంక్తికి దిగువకు వ్రేలాడు అక్షరములు కొన్నియే గనుక వారికి ఈ బాధ అంతగ లేదు.

దీనిని తరగతిలో చూపుటకు తేలికైన పరీక్ష కలదు. చెల్టెన్‌హామ్ అక్షరమును గీసిన గుడ్‌హ్యూ, చదువరి కన్ను అక్షరముల పైభాగముననే పరుగెత్తునని నమ్మి, పైకి పోవు రేఖలను పొడవుగను, క్రిందికి దిగు రేఖలను పొట్టిగను చేసెను. ఒక ఆంగ్లపంక్తి క్రింది సగమును కాగితముతో కప్పి చూడుడు. చదువుటకు పెద్ద కష్టముండదు. గుడ్‌హ్యూ ఊహ వారి లిపికి సరియైనదే. ఇప్పుడు ఒక తెలుగు పంక్తిలో అక్షరముల పాదములకు దిగువనున్న భాగమును మాత్రము కప్పుడు. ‘గద్ద’ ‘గద’ అగును; ‘కల్ల’ ‘కల’ అగును. తరువాత పైభాగమును కప్పుడు. గుడులు, ఏత్వములు మాయమగును. మన పంక్తిలో పెక్కు అచ్చుల గుర్తులు పైన ఉన్నవి, హల్లుల జతలు క్రింద ఉన్నవి. కోసివేయుటకుగాని, నొక్కివేయుటకుగాని వీలైన చోటే లేదు. రోమను లిపికి సరిపోయిన కొలతను తెచ్చి తెలుగునకు తొడిగినచో ఏమి జరుగునో ఇంతకంటె విశదముగ చెప్పు సాధనము లేదు.

అట్లని తెలుగునకు లావైన అక్షరము వలదనిగాని, వాలు అక్షరము ఎన్నటికిని రారాదనిగాని మా వాదము కాదు. ఇటాలిక్ అక్షరము ఇటలీ లేఖకుల గొలుసు వ్రాతనుండి పుట్టినదని చూచితిమి. మనకును గొలుసుకట్టు వ్రాత కలదు. మన పూర్వులు ఉత్తరములు, దస్తావేజులు, లెక్కలు ఆ వ్రాతలోనే వ్రాసికొనిరి. కలమెత్తక సాగిపోవు ఆ వంపులు నేడు పాత కాగితములలో మిగిలియున్నవి. తెలుగు అక్షరమునకు ఒక సహజమైన జత కావలెనన్నచో, శిల్పి వెదకవలసిన చోటు ఆ కాగితముల పెట్టె. యంత్రపు మీట కాదు. లావు విషయములో ఇప్పటికే కొంత దారి పడినది. పఠనమునకు ‘మండలి’ వంటివియు, శీర్షికలకు ‘రామభద్ర’ వంటివియు తెలుగు ఫాంటులు నేడు ఎవరికైనను ఉచితముగ లభించుచున్నవి. శీర్షికకొరకై గీసిన అక్షరమును శీర్షికకు వాడుటయు, పఠనాక్షరమునకు నలుపు పూసి శీర్షిక చేయుటయు ఒకటి కావు.

కావున పత్రికలవారికి, పాఠ్యపుస్తకములను కూర్చువారికి మా మనవి యిది. శీర్షిక పట్టనిచో అక్షరమును నొక్కుటకంటె మాటను తగ్గించుట మేలు. తెలుగులో పొట్టిమాటలకు కరవు లేదు. వాలు మీటను తెలుగు పంక్తులపై వాడకుందుము. గ్రంథముల పేళ్ళకు ఒంటి కొటేషను గుర్తులు చాలును. వత్తులకు ఊపిరి ఆడునంత ఎడమును పంక్తికిని పంక్తికిని నడుమ విడుతము. ఈ మనవి ఇతరులకు మాత్రమే కాదు. పట్టని శీర్షికను నొక్కి పట్టించిన తప్పు మా వంటి పత్రికలవారిదే గనుక మొదట మాకు మేము చెప్పుకొనుచున్నాము.

ఉపాధ్యాయులకు చెప్పదగిన దొకటి కలదు. ప్రశ్నాపత్రములో ‘క్రింది వానిలో సరికానిది ఏది?’ అను ప్రశ్న వచ్చినప్పుడు ‘సరికానిది’ అను మాటను బొద్దు చేయుడు. ఆ నిషేధమును గమనింపక మార్కులు పోగొట్టుకొను పిల్లలు పెక్కుమంది. బొద్దు అక్షరమునకు అంతకంటె దయగల పని లేదు. అయితే అచ్చువేయించుటకు ముందు ఒక ప్రతిని తీసికొని, బడిలోని చివరి బల్లనుండి చదివి చూడుడు. ‘థ’ లోని చుక్క కనబడినచో అక్షరము మంచిది. కనబడనిచో ఎంత అందమైనదైనను అది పిల్లలకు తగదు.

విద్యార్థులు తమ వ్రాతలో ఒక నియమమును పాటింపవచ్చును. ఒక పుటలో ఒక్కమాటకు మించి గీత గీయరాదు. గీత గీయబోవునప్పుడు, ఆ బలమును ఏకారముతోనో, పదక్రమముతోనో వాక్యములోనే తేవచ్చునేమోయని ఒక నిమిషము ఆలోచింపవలెను. ఆ నిమిషములో సగము గీతలు అక్కరలేనివని తేలిపోవును. మిగిలిన గీతలకు నిజముగ విలువ కలుగును.

ఆల్డస్ మనూషియస్ తన చిన్న పుస్తకమును చేతపట్టుకొని తిరుగు చదువరికై అక్షరమును చెక్కించెను. బెస్లీ పోతశాల అక్షరము మాటను వెదకువానికి దారి చూపినది. పూర్వులు ఎచ్చట ఏ మార్పు చేసినను చదువువాని కంటిని తలచి చేసిరి. ఆ మార్పుల ఫలితమును మీట నొక్కి తెచ్చుకొనుచున్న మనము ఆ తలంపును మాత్రము తెచ్చుకొనకున్నాము. చుక్క చిన్నదే. కాని పిల్లవాని నోటుపుస్తకములో దానికై పట్టుబట్టు సమాజము తన గోడలమీదను, పత్రికలలోను దానిని నిలుపవలసిన బాధ్యతనుండి తప్పించుకొనజాలదు.